పౌడరు మేస్త్రీ

మనిషి పోయాక స్నానం చేయించి, కుర్చీలో కూర్చోబెట్టి, మెడలో దండ వేసి, మొహానికింత పౌడరు అద్దడం మా వైపు మామూలే. కానీ ఓర్వకల్లులో ఆ రోజు మేస్త్రీ మొహం చూసి ముందు ఏడుపు రాలేదు, ఉలిక్కిపడ్డాను. కూతుళ్లో కోడళ్లో, ప్రేమ కొద్దీ సగం డబ్బా ఆయన మొహం మీద గుమ్మరించినట్టున్నారు. కనుబొమలు కూడా తెల్లబడిపోయాయి. డీజిలూ ఎండా పట్టి పట్టి పెనంలా నల్లబడ్డ మొహం అది. బతికుండగా ఒక్కరోజు కూడా దాని మీద పౌడరు పడనివ్వలేదు.

"పలచగా కొట్టాలప్పా," అనేవాడు. "మందంగా కొడితే ఏం కనపడతాది, నీ పిండాకూడు?"

ఆడవాళ్ల సింగారం గురించి అన్న మాట కాదది. లారీ గేరుబాక్సు గురించి.

కర్నూలు నుంచి నంద్యాల పోయే దారిలో, ఓర్వకల్లు రాళ్ల గుట్టలకు కాస్త ఇవతల, రోడ్డు పక్కన రేకుల షెడ్డు ఆయనది. బోర్డు లేదు. ముందర రెండు పాత టైర్లు, వాటి మీద ఎప్పుడూ ఒక కుక్క. లారీ వాళ్లందరికీ ఆయన పౌడరు మేస్త్రీ. అసలు పేరు నాకు ఆ రోజే, కుర్చీ పక్కన పెట్టిన ఫోటో కింద రాసి ఉంటే తెలిసింది. అది ఇక్కడ రాయను. ఆ పేరు పెట్టి పిలిస్తే ఆయనే పలికేవాడు కాదు.

పాత లారీకి ఆయిలు కారడం ముసలివాళ్లకు దగ్గు లాంటిది. ఉంటుంది. ఎంత ఉంటే పర్వాలేదో, ఎక్కడ మొదలైతే ప్రమాదమో తెలియడమే విద్య. తక్కిన షెడ్లలో బొట్టు ఎక్కడ పడుతోందో చూసి, దానికి దగ్గరగా ఉన్న రబ్బరు సీలు మార్చి పంపేసేవాళ్లు. మేస్త్రీకి వాళ్లంటే మంట. "బొట్టు పడిన తావున ఎతికేటోడు మెకానిక్కు కాదప్పా, కసువు ఊడ్చేటోడు," అనేవాడు. "ఆయిలు పైన యాడో పుడతాది. సందుల్లో పారతాది, గాలికి ఎగురుతాది, ఆఖరికి అందరికంటే కింద దొరికినోని నెత్తిన బొట్టు పెడతాది. మనం పోయి వాన్నే పట్టుకుంటాం."

అందుకని ఆయన పద్ధతి వేరు. గేరుబాక్సును డీజిలుతో, కుచ్చు బ్రష్షుతో బాగా కడిగేవాడు. గుడ్డతో తుడిచి ఆరనిచ్చేవాడు. ఆ తర్వాత మొహానికి వేసుకునే పౌడరు డబ్బా తీసి, పాత బనియను గుడ్డ మీద చల్లుకుని, చంటిపిల్లకు స్నానం చేయించాక అద్దినట్టు గేరుబాక్సంతా అద్దేవాడు. "నన్నూరు దాకా పోయి తిరుక్కోని రాపో" అని డ్రైవరును పంపేవాడు. లారీ తిరిగొచ్చాక గోనెపట్టా వేసుకుని కింద దూరి, గడ్డం గీసుకునే చేతి అద్దంతో ఆ తెల్లటి దాని మీద తడి గీత ఎక్కడ మొదలైందో వెతికేవాడు. గీత కింది కొస సంగతి ఆయనకు అక్కర్లేదు, పై కొస కావాలి. పౌడరు, అద్దం... ఈయప్పకు దువ్వెన ఒకటే తక్కువని డ్రైవర్లు నవ్వుకునేవాళ్లు.

ఊరి అంగట్లో పౌడరు డబ్బాలు ఎక్కువ కొనేది ఆయనే. ఆయన భార్య మాత్రం ఈ విషయంలో ఏనాడూ రాజీ పడలేదు. అన్నం క్యారియరు తెచ్చిన ప్రతిసారీ అందరికీ వినపడేలా, "ఇంట్లో ఆడపిల్లోల్లకు తేనోడు లారీలకు సోకులు చేస్తాండాడు," అనేది. ఆయన తలెత్తకుండా, "వాల్లకేమీ కారడంల్యా కదే," అనేవాడు. ఎవరైనా సరదా కొద్దీ, "నీ మొగానికి కూడా కొంచెం పూసుకోరాదా మేస్త్రీ," అంటే కళ్లజోడు పైకి తోసి తీవ్రంగా చూసేవాడు. "నాకెందుకప్పా? లీకు ఉండేటోడు పూసుకోవల్ల."

ఆ వాసన వల్ల చిక్కులు కూడా రాకపోలేదు. ఒకసారి పాణ్యం డ్రైవరొకడు ఇక్కడ పని చేయించుకుని నేరుగా ఇంటికి పోతే, ఒంటి నిండా ఆడవాళ్ల పౌడరు వాసన చూసి పెళ్లాం గడప దాటనివ్వలేదట. రెండు రోజులు లారీలోనే పడుకుని, మూడో రోజు పెళ్లాన్ని ఎక్కించుకొచ్చి షెడ్డు ముందు దించాడు. మేస్త్రీ ఆమెను లారీ దగ్గరికి తీసుకుపోయి, వంగి చూడమని గేరుబాక్సు చూపించి, "ఇదేనమ్మా నీ సవతి," అన్నాడు.

ఇప్పుడు నా సంగతి. చెప్పుకోవడానికి గొప్పది కాదు కాబట్టి తొందరగా చెప్పేద్దామనుకుంటాను గానీ, ఆయన నాకు పూర్తిగా అర్థమైంది ఆ ఒక్క మధ్యాహ్నమే.

మాది కమలాపురంలో అంగడి. దానితో పాటు మా నాయన నడిపిన పాత లారీ ఒకటి. నాపరాళ్లు వేసుకుని కర్నూలు పోతుంది, అక్కడ ఏది దొరికితే అది వేసుకుని వస్తుంది. నాయన పోయాక లారీ నా చేతికి వచ్చింది, లారీతో పాటు డ్రైవరు ఓబులేసు వచ్చాడు. పన్నెండేళ్లుగా అతనే డ్రైవరు. నేను అంగట్లో కూర్చున్న మనిషిని. లారీ గురించి నాకు తెలిసిందల్లా దానికి చక్రాలు ఆరని, దేవుడి దయ లేకపోతే అవి తిరగవని.

ఆ దయ కోసమే నా పాట్లు. ఒక ఏడాది ఆయుధపూజకు లారీ అంతా కడిగిస్తుంటే, క్యాబిన్లో కాళ్ల కింది రేకు ఊడి వచ్చింది. కింద గేరుబాక్సు పైన, బొటనవేలంత, గుండ్రటి టోపీ పెట్టుకున్న చిన్న ఇనుప బుడిపె ఒకటి కనిపించింది. అచ్చం శివలింగం. పానవట్టం కూడా ఉన్నట్టే ఉంది. నాకు ఒళ్లు జలదరించింది. మా నాయన ఇన్నేళ్లు నడిపిన లారీలో స్వామి వెలిసి ఉంటే ఎవరికీ తెలియకపోయెనే అనుకున్నాను. ఆ రోజు నుంచి ప్రతి సోమవారం పొద్దున, లారీ కదలక ముందే రేకు ఎత్తి, శ్రీశైలం విభూతి గంధం నీళ్లతో కలిపి దిట్టంగా పట్టించి, కుంకుమ బొట్టు పెట్టేవాణ్ణి. ఓబులేసు చెప్పులు విడిచి పక్కన నిలబడేవాడు.

శివరాత్రి దాటాక గేరుబాక్సు కారడం మొదలైంది. ఎర్రగుంట్ల షెడ్డులో వెనక సీలు మార్చారు. పది రోజులకు మళ్లీ. ఇంకో చోట మార్పించాను. మళ్లీ. మూడోసారి గేరుబాక్సు దించి మరీ చూశారు. ఆ మెకానిక్కు భక్తుడు. అంతా డీజిలుతో కడిగి, కుంకుమ బొట్టున్న చోటు మాత్రం వదిలేశాడు. దేవుణ్ణి డీజిలుతో కడుగుతారా ఎవరైనా! పైగా ఒక మందారపువ్వు కూడా పెట్టాడు. కారడం మాత్రం ఆగలేదు. ఆగకపోయేసరికి నేను విభూతి ఇంకొంచెం మందంగా పట్టించాను. ఇంకా కారింది. ఇంకా పట్టించాను.

దేవుడి మీద నింద వేయలేం. సీళ్లు కొత్తవి. మిగిలింది ఓబులేసు. "గేర్లు మోటుగా ఏస్తే సీల్లు నిలబడవు సావుకారీ," అని ఆ భక్తుడు ఒక మాట నా చెవిలో వేశాడు. నాకు అది చాలు. ఇంకో డ్రైవరుతో మాట్లాడి పెట్టుకున్నాను. ఓబులేసుతో, "ఈసారి కారిందంటే నువ్వు దిగిపోవల్సిందే," అన్నాను. అతను తల ఊపాడు. నలభై అయిదేళ్ల మనిషి, వేరే పని తెలియదు, కళ్లు మునుపటిలా లేవు. నా దగ్గర దిగితే ఇంకో లారీ ఎక్కించుకునే వాళ్లు లేరని నాకూ తెలుసు. తెలిసే అన్నాను.

ఆ ఎండాకాలం, దొంగను పట్టుకునే పట్టుదలతో నేనే లారీ ఎక్కాను. కమలాపురం నుంచి దారి పొడవునా అతని చెయ్యి మీద నుంచి చూపు తిప్పలేదు. అతను గేరు రాడ్డును కోడిగుడ్డులా పట్టుకుని మార్చాడు. ఒక్కసారి కిర్రుమనలేదు. తప్పు దొరకలేదని నాకు ఇంకా కోపం వచ్చింది. ఓర్వకల్లు దగ్గర టీ కోసం ఆపితే కింద నేల మీద అరచేతి వెడల్పున నల్లటి మరక.

"దిగు," అన్నాను.

"దిగుతా సావుకారీ," అన్నాడు ఓబులేసు. "ఈ పక్కనే పౌడరు మేస్త్రీ ఉండాడు. ఆయప్పకు ఒక్కసారి చూపిచ్చి దిగుతా. బండి ఇట్ల కారతాంటే ఒదిలేసి పోలేను."

అలా షెడ్డుకు పోయాం. మేస్త్రీ లారీని చూడలేదు. ముందు ఓబులేసును చూశాడు, తర్వాత నన్ను చూశాడు. "ఎవరికి జబ్బు?" అన్నాడు. చెప్పాం. మరకలో వేలు ముంచి వాసన చూశాడు. కుళ్లిన ఉల్లిగడ్డ వాసన వస్తే గేరాయిలు, రాకపోతే ఇంజనాయిలు, అదీ ఆయన పరీక్ష. కడిగాడు, ఆరబెట్టాడు, పౌడరు అద్దాడు. అంగడి మీద కూర్చునేవాడికి ఆ తతంగం ఎట్లా ఉంటుందో ఊహించుకోండి. పిచ్చివాడి దగ్గరికి తెచ్చాడురా అనుకున్నాను. నన్నూరు పోయి వచ్చాం.

లారీ కింద గోనెపట్టా మీద నుంచి ఆయన గొంతు వచ్చింది. "గీత సీలు కాడ్నించే వస్తాండాది. అయినా సీలు మంచిదే. షాఫ్టూ మంచిదే, ఊగడంల్యా. మంచోడు ఊరికే ఏడవడు గదా. లోపల్నించి ఎవురో తోస్తాండారు."

బయటికి వచ్చి స్పానరు అందుకుని, పక్కనుండే ఆయిలు పోసే మూత కొంచెం వదులు చేశాడు. బుస్సుమని గాలి వచ్చింది. గోలీసోడా కొట్టినప్పటి చప్పుడే.

"ఇన్న్యారా? గేరుబాక్సుకూ ముక్కు ఉంటాది సెట్టీ. ఏడెక్కినప్పుడు ఊపిరి వదలల్ల. పైన మూసేస్తే యాడ వదులుతాది? కింద వదులుతాది. మనుషులే అట్ల చేస్తారు, ఇనుము చేయదా?"

క్యాబిన్లోకి ఎక్కి రేకు ఎత్తాడు. ఎత్తి, అట్లాగే ఉండిపోయాడు. ఎనిమిది నెలల విభూతి, గంధం, కుంకుమ, లోపల్నించి చెమర్చిన ఆయిలు, రోడ్డు దుమ్ము అన్నీ కలిసి గట్టిపడి, ఆ చిన్న బుడిపె అరచెయ్యంత గుట్ట అయింది. దాని మీద వాడిన మందారం.

"శంభో," అన్నాడు మేస్త్రీ. తల బయటికి పెట్టి, "ఈ ప్రతిష్ఠ ఎవురిదప్పా?" అని అడిగాడు.

అది గాలి పోయే దారి అని ఆ క్షణంలోనే అర్థమైంది. మూడు సీళ్లు, మూడు నెలలు, ఓబులేసు, అంతా అర్థమైంది. అర్థమయ్యాక తల వంచుకున్నాను.

"నాదే మేస్త్రీ," అన్నాడు ఓబులేసు. "తెలీక చేసినా. సోమవారం సోమవారం పెడతాంటి."

ఎందుకన్నాడో ఈరోజుకీ నాకు తెలియదు. ఎట్లాగూ దిగేవాణ్ణే గదా, పోతూ పోతూ సావుకారి పరువెందుకు తీయాలనుకున్నాడేమో. అప్పుడు నేను చేసిన పని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. నేను ఊరుకున్నాను. ఊరుకోవడమే కాదు, హమ్మయ్య అనుకున్నాను.

మేస్త్రీ కిందికి దిగాడు. ఓబులేసు చేతులు చూశాడు. నల్లగా పగిలిన చేతులు, గంధం ఆనవాలు ఎక్కడా లేదు. నా చెయ్యి చూశాడు. ఆ రోజు సోమవారం. నా ఉంగరం రాయి చుట్టూ, సందుల్లో, తెల్లగా ఆరిన విభూతి ఉంది. ఆయన చూసింది నేను చూశాను. చెయ్యి వెనక్కి పెట్టుకున్నాను.

ఆయన పౌడరు డబ్బా తీసి, గుడ్డ మీద చల్లుకుని, నా దగ్గరికి వచ్చి, అడగను కూడా అడక్కుండా నా రెండు బుగ్గలకీ, నుదుటికీ పలచగా అద్దాడు.

"ఏంది మేస్త్రీ ఇది!"

"కదలొద్దు సెట్టీ. అట్ల ఎండలో నిలబడు. యాడ కారతాండాదో చూస్తాం."

మే నెల ఎండ, రాళ్ల వేడి. టైరు మీది కుక్క కూడా లేచి చూసింది. నిమిషం కాలేదు, కణతల నుంచి చెమట దిగి బుగ్గల మీద గీతలు పడటం నాకే తెలుస్తోంది. మేస్త్రీ చేతి అద్దం నా మొహం ముందు పెట్టాడు. తెల్లటి మొహం మీద రెండు నల్లటి గీతలు. పగటివేషగాడిలా ఉన్నాను. ఓబులేసు నవ్వు ఆపుకోలేక తల పక్కకి తిప్పుకున్నాడు. కాసేపట్లో ఉద్యోగం పోయేవాడు నవ్వుతున్నాడు. నేను పన్నెండేళ్ల నమ్మకమైన మనిషిని పీకేసి, అద్దంలో నా మొహం చూసుకుంటున్నాను.

"నేనే మేస్త్రీ," అన్నాను. "ఓబులేసు కాదు. నేనే పెట్టినా."

"ఎప్పట్నించి?"

"ఆయుధపూజ నుంచి."

"కారేకొద్దీ?"

"ఎక్కువ పెట్టినా."

ఆయన అప్పుడు నవ్వాడు చూడండి, ఆ నవ్వుకు కుక్క పరుగెత్తింది. "మేలు చేసినావు, పంచామృతాలు పోయలేదు. చీమలు కూడా చేరేటివి." నవ్వు ఆగాక షెడ్డులో రేడియో దగ్గరికి పోయి సౌండు పెంచి, మాకు వీపు పెట్టి నిలబడ్డాడు. "నేను టీ తాగుతాండా. నాకేం ఇనపడదు. మీరిద్దరూ మాట్లాడుకోండి."

"దిగొద్దులే ఓబులేసూ," అన్నాను. "తప్పు నాది."

"దిగితే గదా సావుకారీ," అన్నాడతను.

మేస్త్రీ ఆ గుట్టను స్క్రూడ్రైవరుతో చెక్కి, డీజిలుతో కడిగి, సన్నటి తీగతో సందు పొడిచి శుభ్రం చేశాడు. టోపీ వేలితో తాకితే గిర్రున తిరిగింది. ఇన్నాళ్ల గాలి తోపుడికి అంచు మడతపడిన సీలు ఒకటి మార్చాడు. మళ్లీ పౌడరు, మళ్లీ నన్నూరు. తిరిగొచ్చి అద్దం పెట్టి చూస్తే గేరుబాక్సు తెల్లగా, పెళ్లికూతురిలా ఉంది. చెక్కిన విభూతిని పేపర్లో పొట్లం కట్టి నా చేతిలో పెట్టాడు. "పారేయాకు, దేవునిది. పెన్నలో కలుపు. దుడ్లు వాపసు పోయేటప్పుడు ఈవచ్చులే, ముందు కర్నూలుకు పో." ఆదోని వైపు మనిషి, డబ్బుల్ని ఎప్పుడూ దుడ్లనే అనేవాడు.

నేను బండి ఎక్కబోతుంటే మళ్లీ పిలిచాడు. పాత బేరింగులోంచి తీసిన పెద్ద ఇనుప గుండు ఒకటి తెచ్చి, క్యాబిన్లో అద్దం ముందర గట్టిగా అతికించాడు. "నీ భక్తి యాడికి పోతాది పాపం. దీనికి పెట్టుకో. దీనికి ముక్కు ల్యా."

అప్పటి నుంచి ఆ దారిలో ఎప్పుడు పోయినా షెడ్డు దగ్గర ఆగకుండా పోలేదు. ఆయన పలకరింపు ఒకటే. "ఏం సెట్టీ, స్వామి ఊపిరి పీల్చుకుంటాండాడా?" అంగట్లో ఎవరి మీదైనా నోరు పారేసుకోబోయినప్పుడల్లా ఆ చేతి అద్దం గుర్తొచ్చేది. ప్రతిసారీ ఆగానని చెప్పను. కొన్నిసార్లు ఆగాను.

మేస్త్రీ పోయిన రోజు, కర్నూలులో రాళ్లు దించి వస్తూ ఓబులేసే ఫోను చేశాడు. నేను బస్సెక్కి చేరేసరికి జనం బాగానే ఉన్నారు. లారీలు రోడ్డుకు రెండు పక్కలా నిలిచిపోయి ఉన్నాయి. మా బండి కూడా వాటిలో ఉంది, కింద నేల పొడిగా ఉంది. కుర్చీలో మేస్త్రీ, ఆ సున్నం మొహంతో. ఎంత చూసినా అది ఆయనలా లేదు. ఉండబట్టలేక కూతురి దగ్గరికి పోయి, "అమ్మా, పౌడరు కొంచెం ఎక్కువైంది. తీస్తా," అన్నాను. ఆమె ఏడుస్తూనే, "తీయన్నా. నాయనుంటే తిట్టేటోడు," అంది.

జేబురుమాలు తీసి మెల్లగా తుడిచాను. నుదురు, బుగ్గలు, గడ్డం. అడుగు నుంచి ఆ నల్లటి మొహం బయటికొచ్చింది. పలచగా, ఆయన చెప్పినంతే మిగిల్చాను. వంగి దగ్గరగా చూశాను. అంతమంది ఏడుస్తున్న ఆ ఇంట్లో ఒక్క గీత కూడా లేని మొహం ఆయనదొక్కటే. లీకు ఉండేవాడే పూసుకోవాలన్న మనిషి.

అప్పుడు నాకు నిజంగా ఏడుపొచ్చింది. చేతిలో ఉన్న ఆ పౌడరంటిన రుమాలుతోనే కళ్లు, మొహం తుడుచుకున్నాను. మళ్లీ మళ్లీ తుడుచుకుంటున్నాను. పక్కన నిలబడ్డ ఓబులేసు నా మొహంలోకి కాసేపు చూశాడు. అతని కళ్లు కూడా ఎర్రగా ఉన్నాయి. అయినా అతని పెదవి ఒక పక్కకి వంకర పోయింది.

"సావుకారీ," అన్నాడు మెల్లగా, "నీకు మల్లా కారతాండాది."